బెత్తెడు తక్కువైన దాలినాయుడు

పట్నంలో ఎవడో టేపు పట్టుకుని మనుషుల చేతులు కొలుస్తున్నాడనీ, చెయ్యి పొడుగున్నవాణ్ణి అక్కడికక్కడే జిల్లా కబడ్డీ జట్టులో చేర్చేసుకుంటున్నాడనీ ఎదురింటి సన్నెమ్మ చెప్పిందట. సన్నెమ్మకి చెప్పింది ఆవిడ చెల్లెలి అల్లుడు. అతను కబడ్డీ మండలి ఆఫీసులో వ్యాను తోలుతాడు. "మా వోడి సెయ్యి కూడా కొల్సీసినారట. వ్యాను దిగి జట్టులో సేరిపో అన్నారట. నాకు ఆట రాదు బాబూ అంటే, రాపోతే మరీ మంచిది అన్నారట" అని ఆవిడ బోరింగు దగ్గర చెప్పిన మాటని, ఎర్నమ్మ బిందెతో పాటు ఇంటికి మోసుకొచ్చి మొగుడి ముందు దించింది.

సన్నెమ్మ చెప్పినదాంట్లో సగం తీసేసి వినడం ఆ వీధివాళ్లకి అలవాటు. దాలినాయుడు కూడా అలవాటు ప్రకారం సగం తీసేశాడు. తర్వాత తేలిందేమిటంటే, ఈసారి ఏమీ తియ్యకుండా, పైన ఇంకో సగం కలుపుకుని వినాల్సింది.

దాలినాయుడు జీడిపప్పు ఫ్యాక్టరీలో బస్తాలు మోస్తాడు. మనిషి పొట్టి, గట్టి. చేతులు కూడా ఒంటికి తగ్గట్టే కురచ. రెడీమేడ్ చొక్కా ఏది తొడిగినా చేతులు మడత పెట్టుకోవాల్సిందే. అయితే సాయంత్రం ఫ్యాక్టరీ వెనక ఇసకలో గీత గీసి చెడుగుడు మొదలుపెట్టారంటే, అవతలి ఏడుగురూ అతన్ని చూసి లుంగీలు బిగించుకునేవారు. కూతకి వెళ్లాడంటే, నేల మీద ఏదో పడిపోతే వెతుక్కుంటున్నవాడిలా వంగి వెళ్లేవాడు. పట్టబోయినవాడి చంక కింద నుంచి దూరి, వాడి పక్కవాడి మోకాలు ముట్టి, కూత తెగకుండా గీత దాటి వచ్చేసేవాడు. ముట్టించుకున్నవాడికి తాను ఔటైన సంగతి ఇంకొకడు చెబితే గాని తెలిసేది కాదు. తెలిశాక కూడా కాసేపు ఒప్పుకునేవాడు కాదు.

ఎప్పటికైనా జిల్లా జట్టు బనీను తొడుక్కుని, పట్నంలో లైట్ల కింద, మ్యాటు మీద కూతకి వెళ్లాలని అతని కోరిక. అంతకు మించి ఇంకో కోరిక ఉన్నట్టు కట్టుకున్న ఎర్నమ్మకి కూడా తెలీదు. కానీ జట్టులోకి కొత్తవాళ్లని పాతికేళ్లు నిండేదాకే తీసుకుంటారు. దాలినాయుడికి ఆ పాతికా ఈ ఏడాదితో నిండిపోతుంది. ఇది తప్పితే ఇక జన్మంతా ఫ్యాక్టరీ వెనక ఇసకే.

"ఎల్లు మావా," అంది ఎర్నమ్మ. "సెయ్యి కొలుత్తామంటన్నారు గాని కోసుకుపోతామన్నేదు కదా!"

అతనికి చిన్నప్పుడు ఆట నేర్పిన ముత్యాలు మేస్టారు, హైస్కూల్లో డ్రిల్లు చెప్పే మనిషి, తోడు బయల్దేరాడు. ఇద్దరూ పొద్దుటి బస్సుకి పట్నం చేరి, ఇండోర్ స్టేడియంలోకి వెళ్లేసరికి, మధ్యలో పరిచి ఉండాల్సిన మ్యాటు చుట్ట చుట్టి గోడకి ఆనించి ఉంది. దానికి పసుపూ కుంకుమా పెట్టారు. ఎదురుగా బల్లలూ, బల్లల వెనక ప్రతిభాన్వేషణ మండలీ ఉన్నాయి.

మండలి అధ్యక్షుడు విశ్వేశ్వరరావుగారు భూకొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. జిల్లాలో ఆయన గొలుసు పడని పొలం లేదు. మనుషుల్ని కొలవడం ఇదే మొదలు కాబట్టి మహా ఉత్సాహంగా ఉన్నారు. ఆయన పక్కన డాక్టర్ శేషశయనం కూచున్నాడు. ఈయన మందులిచ్చే డాక్టరు కాదు. మనిషి అవయవాల పొడుగులకీ ఆటలో గెలుపులకీ ఉన్న సంబంధం మీద పెద్ద పుస్తకం రాసి, డాక్టరు అయినవాడు. రాజధాని నుంచి పిలిపించారు.

దాలినాయుణ్ణి గోడకి ఆనించి చెయ్యి చాపమన్నారు. భుజం దగ్గర్నుంచి నడిమివేలి కొస దాకా టేపు పెట్టారు. తర్వాత మెడ, మడమ, చెవికీ భుజానికీ మధ్య ఎడం. చివరికి నోరు తెరవమని, నాలుక కూడా కొలిచారు. కూత పెట్టేది దానితోనే కదా అన్నాడు శేషశయనం. నాలుక ప్రమాణానికి సరిపోయింది. చెయ్యే బెత్తెడు తక్కువొచ్చింది.

"హస్త ప్రమాణ లోపం," అన్నాడు శేషశయనం.

"హద్దు రాయి దాకా రాలేదన్నమాట," అని అధ్యక్షులవారు తన భాషలోకి మార్చుకున్నారు.

దాలినాయుడు టేపు వంకా, చుట్ట చుట్టిన మ్యాటు వంకా చూశాడు. "ఓపాలి ఆడి సూపిత్తానండి బాబూ. ఆ మ్యాటు కాసింత పరిపించండి."

బల్ల వెనక అందరూ నొచ్చుకున్నారు. పెళ్లిచూపులకొచ్చినవాడు కాపురం చేసి చూపిస్తానన్నట్టుంది వాళ్లకి.

"చూడు నాయనా," అన్నారు అధ్యక్షులవారు, "ఆట అనునది పరిపరి విధముల పోవు అంశము. ఒకరోజు ఉన్నట్లు మరొక రోజు ఉండదు. ఒకరికి కనపడినట్లు మరొకరికి కనపడదు. అట్టి అస్థిరమైన దానిపై ఆధారపడి ప్రజాధనముతో జట్టును నిర్మించజాలము. చెయ్యి అట్లు కాదు. ఈరోజు ఎంతున్నదో రేపూ అంతే ఉండును."

"కూతకి వెళ్లడమంటే ఏమిటి?" శేషశయనం అందుకున్నాడు. "చేతి కొసను ప్రత్యర్థి దేహానికి చేర్చడం. చేర్చవలసిన దూరం మా దగ్గరుంది. చేతి పొడవు మా దగ్గరుంది. ఇక మధ్యలో ఆడటం దేనికి?"

ముత్యాలు మేస్టారు ఉండబట్టలేక ముందుకొచ్చాడు. "సార్, వీణ్ణి మా మండలంలో పట్టినోడు లేడండి. ఊరూరూ చూసింది."

"ఎవరైనా ధ్రువపరిచారా?" అన్నాడు శేషశయనం.

"ఊరే చూసిందంటున్నాను కదండీ!"

"ఊరు చూడవచ్చును. ఊరికి ధ్రువీకరించు అధికారము లేదు," అని అధ్యక్షులవారు తర్వాతివాణ్ణి పిలిచారు. ఆ తర్వాతివాడు వాకిట్లో టీ అమ్ముతున్న మనిషి. కప్పులు లోపలికి అందిస్తున్నప్పుడు అతని చెయ్యి కిటికీలోంచి బల్ల దాకా రావడం శేషశయనం గమనించాడు.

బస్సులో తిరిగొస్తూ ముత్యాలు మేస్టారు తన చెయ్యే చాపి చాపి చూసుకున్నాడు. ఊరి మలుపు దగ్గర ఒక్కసారిగా, "బెత్తెడే కదరా!" అన్నాడు. ఎంతైనా చదువుకున్న మనిషి, టేపు ఆయన బుర్రలోకి కూడా ఎక్కింది. మర్నాటి నుంచి దాలినాయుణ్ణి స్కూలు ఆవరణలో ఇనపకడ్డీకి వేలాడదీసి, కాళ్లకి జీడిగింజల బస్తా కట్టడం మొదలుపెట్టాడు. ఈ సంగతి సన్నెమ్మ ద్వారా చుట్టుపక్కల పాకిపోయింది. జట్టు మీద ఆశ ఉన్న కుర్రాళ్లంతా దూలాలకీ, చెట్లకొమ్మలకీ వేలాడటం మొదలెట్టారు. సాయంత్రం ఇసకలో గీత గీసేవాళ్లు లేకపోయారు. చెయ్యి లాగించుకుంటే చాలు, ఆడేదెందుకు? సంతలో దర్జీ కొండలరావు, బట్ట కుట్టడం మానేసి, చేతులు కొలిచి మంచీ చెడ్డా చెప్పడం పనిగా పెట్టుకున్నాడు. ఎవరికెంత వచ్చినా, "ఇంకాస్త సాగాలి బాబూ" అనేవాడు.

ఎర్నమ్మ మొగుడి భుజాలకి ఆముదం రాస్తూ తిట్టేది. "నీ సేతులు సాగడం కాదు గాని మావా, నడుం సాగీసింది. నిన్న మంచం మీంచి కాళ్లు బయటికొచ్చీసినాయి. ఇంకో నెల ఏలాడితే ఇల్లు మార్సాల."

"మేస్టారు సెప్పినాడే."

"మీ మేస్టారికేటి, ఏలాడినోడివి నువ్వు! మేవు ఫ్యాక్టరీలో పప్పు ఏరినప్పుడు, సైజు సూసినా సరే, ఒకటి నోట్లో ఏసుకుని కొరికి మరీ సంచీలో పోస్తాం. వోళ్లు కొరకరేటి?"

దాలినాయుడు తల గోక్కోబోయాడు. చేతులు లేవలేదు.

నెల తిరిగేసరికి జట్టు ప్రకటించారు. ఏడుగురూ ఏడు తాటిచెట్లు. అందరిలోకీ అందగాడు జగన్నాథం. పెద్ద బట్టల కొట్టులో పై అరలోంచి నిచ్చెన లేకుండా పట్టుచీరలు తీసే మనిషి. టీ అమ్మే మనిషి ఉన్నాడు. ఒకాయన గుళ్లో ఎత్తు గంట కొట్టేవాడు. సన్నెమ్మ చెల్లెలి అల్లుడు వ్యాను తాళాలు ఇచ్చేసి చేరిపోయాడు. ఏడుగురిలో ఆరుగురు ఎన్నడూ కబడ్డీ ఆడినవాళ్లు కారు. ఏడోవాడు చిన్నప్పుడు ఒకసారి ఆడాడని తెలిసి, చెడు అలవాట్లు ఏమైనా మిగిలాయేమోనని అతన్ని మాత్రం ప్రత్యేకంగా పరీక్షించి, ఏమీ మిగల్లేదని తేల్చుకుని తీసుకున్నారు.

దాలినాయుడికి కూడా పిలుపు వచ్చింది. మేస్టారూ అతనూ పరుగెత్తుకుంటూ వెళ్లారు.

"నిన్ను తీసుకొనుట లేదు," అన్నారు అధ్యక్షులవారు వెంటనే. "అయితే జట్టుకు సాధన అవసరమని నియమావళిలో ఉన్నది. సాధనకు ఎదురుగా ఏదో ఒకటి ఉండవలెను. కావున నిన్ను సాధన ఉపకరణముగా స్వీకరించుచున్నాము. మ్యాట్లు, విజిళ్లు, మోకాలి పట్టీలతో పాటు నీవును స్టోరులో ఉందువు."

"బనీను ఇత్తారేటండి?"

"ఉపకరణములకు బనీను ఉండదు. గుడ్డ కప్పుదురు."

దాలినాయుడు ఒప్పుకున్నాడు. మ్యాటు పక్కన ఉంటే చాలు, ఏదో ఒకరోజు ఎవరో ఒకరు చూస్తారనుకున్నాడు. ఫ్యాక్టరీలో సెలవు పెట్టి పట్నంలో దిగిపోయాడు. రోజూ పొద్దున్నే అతన్ని స్టోరులోంచి తీసేవారు. అతను కూతకి వెళ్లేవాడు. ఏడుగురూ చేతులు చాపి నిలబడేవారు. అతను చేతుల కింద తిరిగి, వరసగా ఏడుగుర్నీ ముట్టి వచ్చేసేవాడు. జగన్నాథాన్నయితే పాపం పోనీలెమ్మని ఒకోసారి వదిలేసేవాడు. శేషశయనం దూరంగా కుర్చీలో కూచుని రాసుకునేవాడు. వారం చివర, ముత్యాలు మేస్టారు చూసిపోదామని వచ్చినప్పుడు, తన నివేదికని పైకి చదివి వినిపించాడు: "జట్టు సభ్యులందరూ క్రమం తప్పకుండా స్పర్శింపబడుచున్నారు. ప్రగతి సంతృప్తికరము."

"డాక్టరుగారూ, అంటే అవుటైపోతున్నారనండి," అన్నాడు ముత్యాలు మేస్టారు.

"అది మీ ఊరి భాష," అన్నాడు శేషశయనం.

కొన్నాళ్లకి ఆ సాధన కూడా ఆగిపోయింది. ఒకరోజు టీ మనిషి చిటికెన వేలు బెణికి వాచింది. వాచిన వేలు కొలిస్తే పొడవు మారిపోయింది. మండలి అత్యవసరంగా సమావేశమైంది. ఆడటం వల్ల కొలతలకి ముప్పు ఉందని తేలడంతో, పోటీల దాకా జట్టు ఆడకూడదని నిషేధించారు. ఏడుగురి చేతులకీ దూది చుట్టారు. అన్నం మండలివాళ్లే తినిపించేవారు. గంట కొట్టే ఆయనకి వీపు దురద పెడితే, గోకడానికి వేరే మనిషిని పెట్టారు. ఆ పని కూడా చివరికి ఉపకరణానికే వచ్చింది.

పక్క జిల్లాతో పోటీ రోజు స్టేడియం జనంతో కిక్కిరిసిపోయింది. ఎర్నమ్మా, సన్నెమ్మా కూడా ఫ్యాక్టరీ ఆడవాళ్లతో కలిసి వచ్చారు. మన జట్టు వచ్చేటప్పుడు పేర్లు చదవలేదు, చేతుల పొడవులు చదివారు. ఒక్కొక్క పొడవుకీ జనం ఈలలు వేశారు. జగన్నాథం పొడవు చదివినప్పుడు వెనక వరసవాళ్లు లేచి నిలబడ్డారు. తర్వాత పక్క జిల్లావాళ్లు వచ్చారు. మామూలు మనుషులు. చూసి జనం నవ్వారు. దాలినాయుడు స్టోరు తలుపు సందులోంచి చూసి నవ్వలేదు.

ఈల వేశారు. జగన్నాథం కూతకి వెళ్లాడు. గీత దగ్గరే నిలబడి, పై అరలోంచి చీర తీసేవాడిలా ఠీవిగా చెయ్యి చాపాడు. అవతలివాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. ఇలా వెనక్కి వేస్తారని శేషశయనం పుస్తకంలో లేదు. జగన్నాథం చెయ్యి అలాగే చాపి, ఏం చెయ్యాలన్నట్టు అధ్యక్షులవారి వంక తిరిగాడు. ఈలోగా కూత మానేశాడు. ఎవరో వచ్చి అతన్ని భద్రంగా నేల మీద పడుకోబెట్టారు.

ఆ తర్వాత మన వాళ్లు ఒక్కొక్కరే వెళ్లి రావడం మానేశారు. అంటే, వెళ్లేవారు గాని వచ్చేవారు కాదు. సగం ఆట అయ్యేసరికి బోర్డు మీద అవతలివాళ్ల అంకె పెరిగిపోయింది. మన పక్క సున్నా కదల్లేదు.

అధ్యక్షులవారు రిఫరీ దగ్గరికి వెళ్లి అభ్యంతరం చెప్పారు. "ఎదుటి జట్టువారిని కొలిచితిరా? కొలిచి చూడుడు. ఒక్కరికిని ప్రమాణము లేదు. ప్రమాణము లేనివారు సాధించిన పాయింట్లు ఎట్లు చెల్లును?"

రిఫరీ ఆయన్ని కాసేపు చూసి, మళ్లీ ఈల నోట్లో పెట్టుకున్నాడు.

ఈ గొడవలో జగన్నాథం కనపడకుండా పోయాడు. బట్టల కొట్టులో పండగ రద్దీ ఉంది, చేతికేమన్నా అయితే పై అర అందుకునేదెవరని పారిపోయాడట. ఏడోవాడు లేకపోతే ఆట ఆపేస్తానన్నాడు రిఫరీ. చుట్టూ వెతికితే మనిషి రూపంలో ఉన్నది ఉపకరణం ఒక్కటే. ముత్యాలు మేస్టారు స్టోరులోకి పరుగెత్తి, గుడ్డ లాగేసి, జగన్నాథం వదిలి వెళ్లిన బనీను దాలినాయుడి మెడలో వేశాడు. అది మోకాళ్ల దాకా దిగింది. దాన్ని నిక్కరులోకి దోపుకుని, మ్యాటుకి దండం పెట్టి, దాలినాయుడు లైట్ల కిందకి వెళ్లాడు.

మొదటి కూతకి ఇద్దరు. రెండో కూతకి ముగ్గురు. జనం ఈలలు మరిచిపోయి గుక్క బిగపట్టారు. వంగి వెళ్లడం, చంకల కింద దూరడం, మోకాలు తట్టి గీత దాటడం. "మా మావే! మావే!" అని ఎర్నమ్మ బెంచీ ఎక్కి అరుస్తోంది. సన్నెమ్మ ఆవిడ కొంగు పట్టుకుని, ఈ సంగతి రేపు ఎవరెవరికి చెప్పాలో అప్పుడే ఏరుకుంటోంది. మన పక్క అంకె ఎక్కడం మొదలైంది. అవతలివాళ్ల ముఖాలు వాడిపోయాయి. ఇంకొక్క కూతకి సమానమయ్యేలా ఉంది.

అప్పుడు శేషశయనం కాగితం మీద ఏదో లెక్క వేసి, పరుగున వెళ్లి అధ్యక్షులవారి చెవిలో చెప్పాడు. అధ్యక్షులవారు లేచి చెయ్యెత్తారు. "ఉపకరణమును వెంటనే వెనక్కి తీయుడు!"

"గెలుస్తున్నాం సార్!" అన్నాడు మేస్టారు ఏడుపు గొంతుతో.

"వీని చెయ్యి కలుపుట వలన జట్టు సగటు పడిపోయినది. ప్రమాణమునకు దిగువకు వెళ్లినది. పాయింట్లు పోయినచో వచ్చే సంవత్సరము తెచ్చుకొనవచ్చును. సగటు పోయినచో మండలి ఉండదు."

దాలినాయుణ్ణి తీసేశారు. అతని చోట జనంలోంచి ఒక పొడుగాటివాణ్ణి కొలిచి తెచ్చి నిలబెట్టారు. మన జిల్లా ఓడిపోయింది. సగటు నిలబడింది.

జనం కుర్చీలు విరగ్గొట్టారు. పైనుంచి ఫోన్లు వచ్చాయి. "ప్రమాణరహితుని వలన పాయింట్లు సంభవించుట" అనే విషయం మీద మండలి విచారణ పెట్టింది. విచారణకి ముందు స్టేడియం వరండాలో ముత్యాలు మేస్టారు దాలినాయుణ్ణి పక్కకి లాక్కెళ్లాడు. మొహం వెలిగిపోతోంది.

"ఒరే, శేషశయనం గారితో మాట్లాడేన్రా. ఆయన కొత్త సిద్ధాంతం కనిపెట్టేశాడు. కొందరికి కూత పెడుతున్నంతసేపూ చెయ్యి సాగుతుందట. నీకు అలాగే సాగిందని నీ నోటితో చెప్పేస్తే చాలు. బెత్తెడూ అందులో సరిపెట్టేసి ఈరోజే జట్టులో రాసేస్తారు. ఒక్క మాట. అవునండీ సాగిందండీ అను. వయసు దాటిపోతందిరా నీకు. ఇంకో అవకాశం లేదు."

"సాగనేదు కదండి మేస్టారూ."

"సాగిందనరా!"

"అనీయి మావా," అంది తోడొచ్చిన ఎర్నమ్మ. "కడ్డీకి ఏలాడినావు కదా, ఎంతో కొంత సాగే ఉంటాది."

లోపలికి పిలిచారు. ఆ రోజు మ్యాటు పరిచే ఉంది. ఉతికిన బనీను ఒకటి, దాలినాయుడి ఒంటికి సరిపోయేది, బల్ల మీద మడత పెట్టి ఉంది. అతని కళ్లు ముందు దాని మీదే పడ్డాయి.

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "దాలినాయుడూ, నీ చెయ్యి ప్రమాణము కన్నా బెత్తెడు తక్కువని మేము స్వయముగా నిర్ధారించితిమి. మా గణన ప్రకారము నీవు ఎవ్వరినీ తాకజాలవు. అయినను తాకితివి. ఇది ఎట్లు సాధ్యమైనదో మండలికి విన్నవించుము. తొందర లేదు, ఆలోచించి చెప్పుము."

"కూతలో ఉన్నప్పుడు," అన్నాడు శేషశయనం లాలనగా, పెన్ను మూత తీసి, "చెయ్యి కొంచెం సాగుతున్నట్టు, ముందుకి వెళ్తున్నట్టు అనిపించి ఉంటుంది. కదూ?"

ముత్యాలు మేస్టారు వెనక నుంచి అవును అవునని తలాడిస్తున్నాడు. దాలినాయుడు బనీను వంక ఇంకోసారి చూశాడు. తర్వాత తన చేతుల్ని రెండు వైపులా తిప్పి చూసుకున్నాడు.

"సెయ్యి అంతేనండి బాబూ, ఏటీ సాగనేదు. నాను దగ్గరికెల్లినానండి."

శేషశయనం ఏమీ రాసుకోకుండా పెన్నుకి మూత పెట్టేశాడు.